అమ్మవారి ముందు కాంటా

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. కామారెడ్డిలో మా ఇంట్లోనే నాన్న చదువు చెప్పి, పరీక్షలు మాత్రం బయట రాయించారు. తెలంగాణ ఇంకా రాని ఆ రోజుల్లో ఎల్లారెడ్డిలో ఒక ఆడపిల్లల బడిలో వాలంటీరు టీచరుగా చేరేసరికి, తరగతిలో పాఠం ఎలా చెబుతారో నాకు బొత్తిగా తెలియదు. ఇంట్లో నేను ఏది అడిగినా నాన్న "పోయి చూసి రా" అనేవారు. అదే మాట పిల్లలకు అప్పగించాను. వేరే విద్య రాకపోవడం కూడా దేవుడి దయే.

బడిలో కంప్యూటర్ల గది ఉండేది. వాటికి గుడ్డలు కప్పి, గదికి తాళం వేసి, దసరాకు పసుపూ కుంకుమా పెట్టేవారు. మా ఇంటి దేవుళ్ళకైనా వారానికోసారి స్నానం ఉంటుంది, వీటికి అదీ లేదు. హెడ్మాస్టరును బతిమాలి ఒకదాన్ని తెరిపించి, నా నెట్ కార్డు పెట్టి, తరగతికంతా కలిపి ఒక బ్లాగు మొదలుపెట్టాం. పిల్ల ఒక ప్రశ్న అడగాలి, తనే చూసి తెలుసుకోవాలి, చూసింది రాయాలి. మిగతావాళ్ళు కింద వ్యాఖ్యలు రాయాలి. కరెంటు ఉన్నప్పుడే చదువు గనుక, ఫ్యాను తిరగడం మొదలైతే చాలు, పిల్లలు ఆ గదికి పరుగెత్తేవారు.

ఒకరోజు కిరాణా కొట్టాయన కూతురు లేచింది. "టీచర్, అమ్మవారికి పెట్టిన బెల్లమన్నం తగ్గుతదా?"

నేను శుక్రవారాలు ఉపవాసం ఉండే మనిషిని. ఆ సాయంత్రం దీపం పెట్టి, తల్లీ, నీకేమైనా అభ్యంతరమా అని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. సరేనన్నట్టే తీసుకున్నాను.

ఆ పిల్ల ఒక గిన్నె దేవుడి గూట్లో, ఇంకో గిన్నె వంటింటి అలమారలో పెట్టి, పొద్దునా సాయంత్రం వాళ్ళ నాన్న కాంటా మీద తూచింది. రెండూ తగ్గాయి, ఒకేలా. "అన్నం ఎండింది" అని రాసింది. కింద ఒక పిల్ల వ్యాఖ్య: "అమ్మవారు వంటింట్ల గూడ తింటది, మా నానమ్మ తీరుగ."

ఈ సంగతి ఊరంతా పాకింది. మర్నాడు హెడ్మాస్టరు నన్ను పిలిచారు. "గిదేంది మేడం, దేవునితోని పరాచికాలా? ఆ రాత ఇయ్యాల్నే తీసెయ్యుండ్రి. లేకుంటే ఆ గదికి మళ్ల తాళమేస్త."

తీసేస్తే ఇక ఏ పిల్లా నోరు తెరిచి ప్రశ్న అడగదు. తీయకపోతే గదే ఉండదు. నేను గుమ్మంలో నిలబడి లోపల్లోపల స్తోత్రం చదువుకుంటుండగానే బడి కమిటీ పెద్ద రానే వచ్చారు. గుడి కమిటీకి కూడా ఆయనే పెద్ద. ఆ పిల్లను పిలిపించారు.

"ఏం బిడ్డా, తల్లిని తూకమేసినవంట?"

"లేదు పెదనాయినా, అన్నాన్నే తూకమేసిన."

"తూకమేసి ఏం జేసినవ్?"

"ఎండిపోయింది గదా, కోళ్లకేసిన."

ఆయన కుర్చీలోంచి లేచారు. "ప్రసాదం కోళ్లకా! సారూ, గిది గాదు పద్ధతి. మళ్ల చెయ్యాలె. ఈడనే, మన ముంగట. అయినంక అందరం కండ్లకద్దుకొని తినాలె. బెల్లం నేను పంపిస్త."

అలా దేవుణ్ణి పరీక్షించడం తప్పన్న ఇద్దరు పెద్దమనుషులే మా పరీక్షకు కూర్చున్నారు. హెడ్మాస్టరు గదిలో అమ్మవారి క్యాలెండరు ముందు ఒక గిన్నె, బీరువా మీద ఒక గిన్నె. పిల్ల వాళ్ళ కొట్టు నుంచి తెప్పించిన కాంటా మీద పొద్దున్నే హెడ్మాస్టరు స్వయంగా తూచారు. సాయంత్రం మళ్ళీ తూచితే బీరువా మీది గిన్నె కొంచెమే తగ్గింది, అమ్మవారి ముందుది బాగా తగ్గింది.

"చూసినవా! తిన్నది తల్లి!" అని కమిటీ పెద్ద చేతులు జోడించారు. హెడ్మాస్టరు ఆయనకంటే ముందే జోడించారు.

మిగిలింది అందరం కళ్ళకద్దుకుని తిన్నాం. మర్నాడు కరెంటు రాగానే ఆ పిల్ల వెళ్ళి రాసింది: "ఈసారి అమ్మవారి ముందు గిన్నె ఎక్కువ తగ్గింది. కారణం తెలియదు. ఆ గిన్నె సార్ కుర్చీ పక్కనే ఉండింది. సార్ సెలవులో ఉన్న రోజు మళ్ళీ చేసి చూడాలి."

నాకు నవ్వూ భయమూ కలిసి వచ్చాయి. దాచడం నా వల్ల కాదు, తుడిచేయడం అంతకన్నా కాదు. హెడ్మాస్టరును పిలుచుకొచ్చి చూపించాను. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. మీసం తుడుచుకున్నారు.

"మేడం, దీనికింద జవాబు ఎట్ల రాస్తరు?"

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అవుతుందని చూపించాను. అన్నేళ్ళు వాటికి పూజ చేసిన మనిషి, మొదటిసారి మీటల మీద వేలు పెట్టారు. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ. పిల్లలు వెనక నిలబడి "సార్, అది గాదు, పక్కది" అని అందిస్తుంటే పీరియడు అయిపోయింది. తెర మీద ఒక్క ముక్క తేలింది:

"చీమలు గూడ తిన్నయి."

తీసెయ్యమన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. తాళంచెవి బల్ల మీదే వదిలి, గబగబా స్టాఫ్ రూముకు వెళ్ళారు, అక్కడివాళ్ళకు చూపించడానికి.