నా భుజం మీద చీరలు

పొద్దున రేపల్లె బండి తెనాలి స్టేషనుకు వచ్చిన కాసేపటికి మా గుమ్మం ముందు చెప్పుల చప్పుడు వినిపించిందంటే, ఎవరింట్లోనో పెళ్ళి కుదిరిందన్నమాట. నేను ఎవరొచ్చారో చూడకుండానే ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం ఎక్కువ పోసేదాన్ని. మా అత్తవారి వైపు వాళ్ళకి బట్టలంటే తెనాలి, తెనాలంటే మా ఇల్లు, మా ఇల్లంటే నేను. పెళ్ళికూతురి పట్టుచీర దగ్గర్నుంచి పాలేరు పంచె దాకా నేను చూసి సరే అనాలి. "మా మరదలి సెలక్షన్ బాగుంటుంది" అని మా ఆడపడుచు ఎప్పుడో నలుగురిలో ఒక మాట అంది. ఆ ఒక్క మాటకి ఏళ్ళ తరబడి కాళ్ళు అరగదీసుకున్నాను.

ఆడపడుచు అంటే మావారి అక్కగారు. పెనుమూడి దగ్గర వాళ్ళకి మంచి మాగాణి ఉండేది. ధాన్యం డబ్బు చేతికొచ్చేది గానీ ఖర్చు పెట్టడానికి ఆవిడకి చెయ్యి వచ్చేది కాదు. రిక్షాకిచ్చే డబ్బుతో రవికల గుడ్డ వస్తుందని స్టేషను నుంచి నడిచే వచ్చేది. తర్వాత నన్నూ నడిపించేది. చెడ్డ మనిషి కాదు. వచ్చినప్పుడల్లా సంచీ నిండా మినుములో పెసలో తెచ్చేది, మా పిల్లల తలలు దువ్వి జడలు వేసేది. కాకపోతే ఆ ఇంట్లో వంటకి, పొలం పనికి, పాడికి నాకంటే గట్టివాళ్ళు చాలామంది ఉన్నారు. నాలో ఆవిడకు పనికొచ్చే గుణం ఇదొక్కటే కనిపించింది.

ఈ విద్య నాకు బాపట్లలో, పుట్టింట్లో అబ్బింది. చీరాల వైపు నుంచి నేతవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేవాళ్ళు. కొనే స్తోమత లేకపోయినా మా అమ్మ అన్నీ విప్పించేది. గుడ్డని గుప్పిట్లో నలిపి వదిలేది, అంచు తిరగేసి చూసేది, కొంగు నా మీద వేసి దూరంగా నిలబడి చూసేది. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గానీ, ఏ గుడ్డ ఉతుక్కి ఆగుతుందో ఏది రెండో నెలకే వెలిసిపోతుందో ముట్టుకుని చెప్పగలిగేదాన్ని.

మావారిది చిన్న గుమాస్తా ఉద్యోగం. అయినా మా పిల్లలు వీధిలోకి వెళ్తే ఎవరో ఆఫీసరు గారి పిల్లలనుకునేవాళ్ళు. ఆ గొప్ప వెనకాల నా పాట్లు నాకే తెలుసు. కట్‌పీసుల కొట్లో తానుల చివర మిగిలిన ముక్కలు గుట్టగా పోసేవాళ్ళు. ఒక ముక్క గౌనుకి చాలకపోతే దానికి నప్పే ఇంకో రంగు ముక్క ఏరి, కాలరూ జేబులూ దానితో వేయించేదాన్ని. అది కొత్త ఫ్యాషననుకుని పక్కింటి వాళ్ళు మంచి గుడ్డ కొని మరీ అలా కుట్టించుకున్నారు. టెర్లిన్ చొక్కా కాలరు మాసి చిరిగితే విప్పి తిరగేసి కుట్టించేదాన్ని, ఇంకో ఏడాది నడిచేది. గొట్టం ప్యాంట్లు పోయి బెల్‌బాటమ్‌లు వచ్చినప్పుడు మా పెద్దాడు అలిగి అన్నం మానేశాడు. వాడి పాత ప్యాంట్ల కుట్టు మోకాళ్ళ దగ్గర్నుంచి విప్పించి మధ్యలో ముక్కోణంగా వేరే గుడ్డ వేయిస్తే, కాలేజీలో అందరూ ఏ టైలరని అడిగారట. ఇంతా చేసి నాకు మిగిలేది నడుము నొప్పి.

సొంత ఇంటికి చేసుకునే చాకిరీ ఒక ఎత్తు, చుట్టాల పెళ్ళి బట్టలు ఒక ఎత్తు. మన ముహూర్తాలన్నీ ఎండాకాలంలోనే కదా. తెల్లారకముందే వంట చేసి, పిల్లలకి పెట్టి, కాలవ వంతెన దాటి బజారుకి చేరేసరికి జాకెట్టు వీపుకి అంటుకుపోయేది. మొదటి కొట్లో ధర కనుక్కోవాలి, రెండో కొట్లో ఆ ధర చెప్పి తగ్గించమనాలి, మూడో కొట్లో రెండు చోట్లా చూసొచ్చామని చెప్పాలి, చివరికి మొదటి కొట్టుకే తిరిగి రావాలి. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంటే కాసేపటికి తిమ్మిరెక్కేవి. గుమాస్తాలు చీరలు విప్పి ఒకదాని మీద ఒకటి పరుస్తూనే ఉండేవాళ్ళు. అప్పుడు మా ఆడపడుచు నన్ను లేచి నిలబడమనేది.

అసలు కష్టం అక్కడే. ఆవిడ పొట్టి, కాస్త లావు మనిషి. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళందరిదీ ఇంచుమించు అదే వాలకం. నేను పొడుగ్గా, సన్నగా ఉండేదాన్ని. అందుకని ఎవరికి కొనే చీరైనా ముందు నా భుజం మీద వేసి అద్దంలో చూసేవాళ్ళు. నా మీద బాగుందనిపిస్తే పొట్లం కట్టించేవాళ్ళు. ఇంటికెళ్ళి వాళ్ళు కట్టుకుంటే అలా ఉండేది కాదు, ఎందుకుంటుంది. పెద్ద పువ్వులు పొట్టి మనిషి మీద ఇంకా పెద్దవైపోతాయి. అప్పుడు ఆ తప్పు నా సెలక్షన్‌ది. పోనీ అంతటితో నన్ను వదిలేస్తారా అంటే అదీ లేదు, మళ్ళీ పెళ్ళికి మళ్ళీ అదే అద్దం ముందు నన్ను నిలబెట్టి మళ్ళీ మోసపోయేవాళ్ళు. కంచి పట్టులు, నైలెక్సులు, జార్జెట్లు, పూల వాయిళ్ళు ఎన్ని నా భుజం ఎక్కి దిగాయో చెప్పలేను. వాటిలో నాది ఒక్కటీ లేదు.

పెళ్ళికి చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీర నాకూ ఒకటి ఇచ్చేవాళ్ళు, ఇవ్వలేదని అనకూడదు. అన్నీ అయ్యాక, మూటలు కట్టేటప్పుడు, బేరంలో కొట్టువాడు చవగ్గా కలిపిందేదో నా చేతిలో పెట్టి "నీకేంటమ్మాయ్, ఏం కట్టినా బాగుంటావు" అనేది మా ఆడపడుచు. ఆ మాట మెచ్చుకోలుగానే అనేది. మొదట్లో నేనూ మురిసిపోయాను. కొన్నాళ్ళకి ఆ మెచ్చుకోలు వింటే ఒళ్ళు మండడం మొదలైంది. అందంగా ఉన్నందుకు నాసిరకం చీరలు కట్టుకోవలసి రావడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు.

డెబ్బైల్లో ఒక వేసవికి ఆవిడ పెద్దకూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తీసుకొచ్చే మేనమామ మావారే. పక్కన నేను నడవాలి, ఊరంతా చూస్తుంది. ఈసారి ఒక్క మంచి చీర, నేను ఏరుకున్నది, నా కోసం కొనుక్కోవాలని మనసులో గట్టిగా అనుకున్నాను. ఇంటి ఖర్చులో మిగిల్చుకున్నది కొంత నా దగ్గర ఉంది. చీర కూడా అప్పటికే చూసిపెట్టుకున్నాను. మామిడిచిగురు రంగు వెంకటగిరి చీర, సన్నని జరీ అంచు. చేత్తో పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంది. పిల్లల గుడ్డల కోసం వెళ్ళినప్పుడు కనిపిస్తే, అమ్మకుండా పక్కన పెట్టమని కొట్టు యజమానిని బతిమాలాను.

అప్పుడే కొనేసి తెచ్చుకుంటే పోయేది. కానీ ఏళ్ళ తరబడి పొదుపు చేసిన బుర్ర ఊరుకుంటుందా. పెళ్ళి బట్టల పెద్ద బేరంలో నా చీర కూడా కలిపేస్తే తగ్గింపు దానికీ వస్తుంది, నా వంతు డబ్బు నేను విడిగా ఇచ్చేయొచ్చు అనుకున్నాను. ఆ రోజు మా ఆడపడుచుతో కలిసి వస్తానని యజమానికి చెప్పి వచ్చాను. అతి తెలివికి పోవడమంటే ఇదే.

ఆ రోజు వచ్చింది. అప్పటికి మేము మూడు కొట్లు తిరిగి, పెళ్ళికూతురి చీరలు, వియ్యపురాలి చీర, మగవాళ్ళ పంచెలు తీసుకున్నాం. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఇక పెళ్ళికూతురి తల్లిగా ఆవిడ కట్టుకునే చీర ఒక్కటి మిగిలింది. యజమాని నన్ను చూసి నవ్వి, లోపల్నుంచి నా వెంకటగిరి తెప్పించి పరుపు మీద అందరి ముందూ విప్పించాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆడపడుచు దాన్ని అందుకుని, అలవాటు చొప్పున నా భుజం మీద వేసింది. అద్దంలో చూసింది. కొట్లో ఉన్న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

"ఇది నాకు కట్టించండి" అంది యజమానితో.

కొంగు ఇంకా నా భుజం మీదే ఉంది. దాన్ని పట్టుకుని, "ఇది నాకండి వదినా. నేను ముందే తీయించి పెట్టుకున్నాను" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. "నీకా? నీకెందుకమ్మాయ్ ఇంత మంచిది, నువ్వేం కట్టినా బాగుంటావు కదా."

"మీరలా అన్నారనే ఇన్నేళ్ళూ ఏదో ఒకటి కట్టానండి. ఇది మాత్రం ఇవ్వలేను."

అంత పెద్ద మాట ఆవిడతో అంతకుముందు ఎప్పుడూ అనలేదు. యజమాని గజంబద్ద అందుకుని పని లేకపోయినా ఏదో కొలవడం మొదలుపెట్టాడు. మా ఆడపడుచు మొహం ఎర్రబడింది, తర్వాత మామూలైంది. నా భుజం మీంచి చీర తీసి, మడత చెడకుండా నా చేతికిచ్చింది. నేను నా డబ్బు తీసి ఇస్తుంటే అటువైపు చూడలేదు.

తర్వాత ఆవిడ నన్ను నిలబడమనలేదు. గుట్టలోంచి వంగపండు రంగు పట్టుచీర ఒకటి తనే లాగి, తనే లేచి, తన భుజం మీదే వేసుకుని అద్దం ముందు నిలబడింది. పెద్ద అంచు, ముదురు రంగు. నేనైతే ఆవిడకి అది చూపించేదాన్ని కూడా కాదు, పొట్టిగా కనిపిస్తుందని పక్కన పడేసేదాన్ని. కానీ అది కప్పుకున్నాక ఆవిడ ఆ కొట్లో అందరికంటే పెద్దింటి మనిషిలా కనిపించింది. ఆవిడకీ ఆ సంగతి తెలిసింది. అద్దంలో తనని తాను చూసుకుంటూ చాలాసేపు అలాగే నిలబడింది. ఇన్నేళ్ళూ ఆ అద్దంలో ఆవిడ నన్నే చూస్తూ వచ్చింది.

పెళ్ళిలో నా చీర కట్టుకున్నాను. ఎంత సంతోషపడ్డానో దాచుకోను. ఎండకి ఉక్కపోస్తున్నా, వడ్డనల దగ్గర నిలబడి కాళ్ళు పీకుతున్నా, ఆ రోజంతా నా ఒళ్ళు నాకు తేలిగ్గా అనిపించింది. వంగపండు రంగు చీరలో మా ఆడపడుచుని చూసి ఎవరి సెలక్షనని చుట్టాలు అడిగితే, తనదేనని చెప్పుకుంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో చిన్నపిల్ల సంబరం కనిపించింది. నా మీద కోపం పెట్టుకోలేదు. పెళ్ళయి మేము బయల్దేరేటప్పుడు ఎప్పటిలాగే మినుములు కట్టి ఇచ్చింది.

రెండేళ్ళు తిరగకుండా ఆవిడ రెండో కూతురి పెళ్ళి వచ్చింది. రేపల్లె బండి వచ్చే వేళకి నేను మామూలుగానే బియ్యం ఎక్కువ పోసి, మంచి చీర మార్చుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక తల్లీకూతుళ్ళిద్దరూ రిక్షాలో దిగారు, వెనకాల మూటలు. స్టేషను నుంచి తిన్నగా బజారుకే వెళ్ళి, అన్నీ కొనేసి వచ్చారు. అన్నాలు పెట్టాను. ఏమేం తీసుకున్నారని అడిగితే, "విప్పితే మళ్ళీ కట్టాలమ్మాయ్, బండి వేళవుతుంది. నిన్ను ఎండన పడి తిప్పడం ఎందుకని మేమే చూసుకున్నాం" అంది. నిష్ఠూరంగా అనలేదు, ప్రేమగానే అంది. మూటకి చుట్టిన కాగితం ఒక మూల చిరిగి లోపల ఏదో ఆకుపచ్చ కనిపిస్తుంటే, చెయ్యి చాచబోయి మజ్జిగ గిన్నె అందుకున్నాను.

సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వచ్చి సంగతి విని, హాయిగా ఉంది, నీకు ఆ తిరుగుడు తప్పిందన్నారు. అవునండి అన్నాను. తిరుగుడు తప్పిన మాట నిజమే. ఆ ఇంట్లో నన్ను ఒక మాట అడగవలసిన పని కూడా ఆ రోజుతోనే తప్పిపోయింది. ఆ తర్వాత వాళ్ళింట్లో ఎన్నో పెళ్ళిళ్ళయ్యాయి, ఏది బాగుందని నన్ను మళ్ళీ ఎవరూ అడగలేదు.