కారులో తిన్న బీఫ్ టాకోలు

అప్పుడు నాకు ఐదో నెల. ఒంట్లో ఐరన్ బాగా తగ్గిందనీ, బీఫ్ తినమనీ డాక్టరు చెప్పింది, మంచినీళ్లు తాగమన్నంత తేలిగ్గా! మా ఇంట్లో ఆ మాట పలకడానికే భయం. కానీ బిడ్డకేమవుతుందోనన్న భయం ఇంకా పెద్దది. ఇక్కడ అమెరికాలో, మా షాంటిలీ ఊళ్లో తిండి అమ్మే ఒక ట్రక్కు దగ్గర రెండు టాకోలు, అంటే బీఫ్ పెట్టి మడిచిన రొట్టెలు కొని, కారు అద్దాలు ఎత్తేసుకుని కూర్చున్నాను.

మొదటి ముద్ద గొంతులో ఉండగానే అద్దం మీద ఎవరో తట్టారు. మా పై ఫ్లాట్ ఆంటీ! శనివారం శనివారం అందరినీ పూజకు పిలిచే మనిషి. టాకోలు ఒళ్లో పెట్టుకుని అద్దం దించాను.

ఆవిడ నా ఒళ్లోకి చూసింది.

"నిమ్మకాయ పిండుకోమ్మా, ఐరన్ ఒంటబడుతుంది. నాకూ డాక్టర్ అదే చెప్పాడు," అంది. అటూ ఇటూ చూసి, చున్నీ కింద దాచుకున్న టాకోల పొట్లాన్ని ఇంకాస్త లోపలికి లాక్కుంది.

"అంకుల్‌కి మాత్రం చెప్పకు."