యాడ అంటే ఈడ

ఇది జరిగింది. నాకే జరిగింది. ఒట్టు కావాలంటే మా మధు బావ నెత్తి మీద చెయ్యి పెట్టి వేస్తాను. అబద్ధమైతే పోయేది ఆయన. నిజమైతే దానికి కారణం కూడా ఆయనే. ఎటు చూసినా నాకు నష్టం లేదు.

నేను దయ్యాల కథలు నమ్మే రకం కాదు. ఆళ్లగడ్డలో మా వీధిలో ఎవరికి దయ్యం కనిపించినా, దానికి ఆధార్ కార్డు ఉందా అని అడిగే రకం. ఇప్పుడు నన్ను కూడా అదే అడుగుతారు. అడగండి. కానీ మొత్తం విన్నాక అడగండి.

మొన్నటి ఎండాకాలం. మధు బావ అంటే మా మేనమామ కొడుకు. నంద్యాలలో ఉంటాడు. రెండేళ్లు విజయవాడలో చదివాడు. చదువు అక్కడే వదిలేసి భాష మాత్రం తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆయనకు "యాడ" లేదు, "ఎక్కడ". "ఈడ" లేదు, "ఇక్కడ". "ఆడ" లేదు, "అక్కడ". పుట్టిన ఊళ్లోనే టీవీలో వార్తలు చదువుతున్నట్లు మాట్లాడతాడు. ఫోన్లో వీడియోలు తీసి పెట్టడం ఆయన పని.

"రేయ్, కెనూ పడవలో తిరిగొద్దాం. పక్కనే అడవి. పక్షులు, జంతువులు. వీడియో అదిరిపోతుంది" అన్నాడు.

నేనూ ఖాజా బయల్దేరాం. ఖాజా నా చిన్నప్పటి స్నేహితుడు. వాళ్లది పరుపులు కుట్టే అంగడి. వాణ్ణి ఏమన్నా పడతాడు, వాళ్ల పరుపును అంటే మాత్రం ఊరుకోడు. ఇంకో సంగతి. వాడికి ఈత రాదు. అది నాకు తెలుసు. బావకూ తెలుసు. గుర్తు పెట్టుకోండి, నా కోపమంతా ఇక్కడే పుట్టింది.

వెలుగోడు దాటాక, నల్లమల కొండల కింద రిజర్వాయరు. కెనూ అంటే పొడుగ్గా, రెండు కొనలూ పైకి లేచి ఉంటుందని బావ దారి పొడుగునా ఫోన్లో బొమ్మలు చూపించాడు. ఒడ్డున మాకోసం ఉన్నవి రెండు పుట్టిలు. గుండ్రంగా, వెదురు బద్దలతో అల్లి, అడుగున పట్ట వేసి తారు పూసినవి.

"ఏంది బావా, కోళ్ల గంపలో పోవాల్నా?"

"షేపు వేరు. ఫీలింగ్ ఒక్కటే."

పుట్టిలు ఓబులేసు మామవి. చేపలు పట్టే మనిషి. ఫోన్లో క్రికెట్ చూస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "పొద్దు గుంకేలోపల వచ్చేయండప్పా. చీకటి పడి ఒకరికొకరు కనపడకపోతే, పేర్లు పెట్టి అరిసేది వద్దు. నీళ్ల మీద పేరు సగమే వినపడ్తాది. 'యాడ' అని అడుగు. ఆ పుట్టిలో వాడు 'ఈడ' అంటాడు. ఆ గొంతు పట్టుకొని పోతావ్. మేం వలకు పోతే అంతే."

ఒక పుట్టిలో నేను, నాతో నీళ్ల క్యాను, చిత్రాన్నం. ఇంకో దాంట్లో బావా ఖాజా. పుట్టికొక తెడ్డు.

నిజం చెప్పాలి, పగలంతా బాగుంది. మునిగిపోయిన చెట్ల మోళ్ల మీద నీటికాకులు రెక్కలు చాపుకుని కూర్చున్నాయి. దండెం మీద చొక్కాలు ఆరేసినట్లు. బావ వాటిని పెంగ్విన్లని వీడియోలో చెప్పాడు. అవతలి ఒడ్డున దుప్పులు నీళ్లు తాగుతున్నాయి. మూతులు నీళ్లలో, చెవులు మా వైపు. ఒక నీళ్ల పాము నా తెడ్డు ముందునుంచి అడ్డంగా, ఆఫీసుకు ఆలస్యమైనట్లు పోయింది. ఎండ వాలాక నీటికుక్కలు వచ్చాయి. ఒక గుంపు. తలలు పైకెత్తి, సన్నగా, ఈలలాగా... "ఈ... ఈ..." అని ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. ఒకటి వెల్లకిలా తేలుతూ చేపను చెరుకుగడలాగా కరకర నములుతోంది.

"ఆ సప్పుడు విన్న్యావా? మీ పరుపు మీద పడుకుంటే నడుములోంచి వస్తాది సూడు, అదే!" అని పక్క పుట్టిలోని ఖాజాను గెలికాను.

"మా అబ్బా కుట్టిన పరుపును అంటే తెడ్డుతో కొడతా నాయాలా" అన్నాడు వాడు. నవ్వుకున్నాం.

ఉన్నట్టుండి నీటికుక్కలు మునిగాయి. అన్నీ ఒకేసారి. మళ్లీ తేలలేదు.

మేం పట్టించుకోలేదు. ఎందుకంటే బావకు అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. నీళ్లు తగ్గి నడుమ ఒక దిబ్బ బయటపడి ఉంది. దాని మీదకెక్కి, పైనుంచి తీసినట్లు వీడియో తీయాలట. అందుకు ఫోన్ను తెడ్డు కొనకు కట్టాడు. ఏ తెడ్డు? ఖాజా పుట్టిలో ఉన్న ఒకే ఒక్క తెడ్డు. తడుస్తుందని ఖాజా ఫోన్ కూడా తన సంచిలో వేసుకున్నాడు. దిగాడు. పుట్టిని కట్టలేదు. "కదలకుండా కూర్చో" అని చెప్పి పోయాడు. నీళ్ల మీద తేలే పుట్టికి!

ఇదంతా జరిగేటప్పుడు నేను దిబ్బ అవతల ఉన్నాను. కొండ మీదనుంచి గాలి తిరిగింది. నేను చుట్టి వచ్చేసరికి దిబ్బ మీద బావ ఉన్నాడు. తెడ్డు ఉంది. పుట్టి లేదు. ఖాజా లేడు.

"ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడే" అన్నాడు బావ.

అప్పుడు తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు. తిట్టి, బావను దిబ్బ మీదే వదిలేసి, గాలి పోయిన వైపు పుట్టి తిప్పాను. కొండల కింద చీకటి మెల్లగా రాదు. ఎవరో తలుపు వేసినట్లు వస్తుంది. చంద్రుడు లేడు. ఫోన్ లైటు వేస్తే నా చెయ్యి, తెడ్డు, ఇంత నీళ్లు. అంతే. తెడ్డు చప్పుడు. నా ఊపిరి. పట్ట కింద నీళ్లు... టప్... టప్...

"యాడ?" అని అరిచాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత...

"ఈడ."

ముందునుంచి. ప్రాణం లేచి వచ్చింది. గట్టిగా తెడ్డు వేశాను. వేశాను... వేశాను... ఎవరూ తగల్లేదు.

"యాడరా?"

"ఈడ."

ఈసారి వెనకనుంచి. సరే, పుట్టి గుండ్రంగా ఉంటుంది, తిరిగి ఉంటుంది, నాకు తెలియలేదు అనుకున్నాను. తిప్పుకుని మళ్లీ పోయాను. మళ్లీ అడిగాను. ఎడమనుంచి "ఈడ". కొండకు తగిలి తిరిగొచ్చే గొంతేమో? అని మనసుకు చెప్పాను. మనసు ఊరుకోదు కదా. నేను "యాడ" అంటే కొండ కూడా "యాడ" అనాలి. అడిగినదానికి జవాబు చెప్పే కొండను నేనెక్కడా చూడలేదు.

తెడ్డు ఆపాను. గాలి కూడా ఆగింది. ఈసారి అరవలేదు. మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్లు అడిగాను.

"యాడ...?"

"ఈడ."

పక్కనే.

పక్కనే అంటే... పుట్టి అంచు అవతల. నేను కూర్చున్న ఎత్తులో కాదు. కింద. నీళ్లు ఉన్నంత ఎత్తులో. మగ గొంతు. అరుపు లేదు, ఆత్రం లేదు. చాలాసేపటినుంచి చెబుతున్నా వినిపించుకోని వాడికి, ఓపిగ్గా మళ్లీ చెప్పినట్లు.

లైటు అటు వేయాలి. చెయ్యి పోలేదు. వేయలేదు. మీరైతే వేసేవాళ్లేమో. పోయి వేసిరండి, పుట్టి అక్కడే ఉంది.

భయం వేసింది. కానీ దాన్ని తోసుకుని కోపం వచ్చింది. ఈత రానివాడు తెడ్డు లేకుండా నీళ్ల మీద పోతుంటే, ఎవడో ఏదో, నాతో దాగుడుమూతలా? ఇక "యాడ" అని అడగదలుచుకోలేదు. నిలబడి, గొంతు చించుకుని అరిచాను.

"రేయ్ ఖాజా! మీ అంగట్లో పరుపుల్లో దూది కంటే నల్లులే ఎక్కువరా!"

ఒక్క క్షణం... రెండు...

దూరం. బాగా కుడిపక్క. బొంగురు గొంతు. "నీ పెండ్లికి అదే పరుపు పంపిస్తా లేరా దొంగనా..."

అంత అందమైన తిట్టు నా జన్మలో విన్లేదు.

తిడుతూనే పోయాను. వాడు తిడుతూనే ఉన్నాడు. వాళ్ల తాత కుట్టుపని దగ్గరినుంచి మా అత్త వంట దాకా ఏదీ వదల్లేదు. నడుమ ఒకసారి నా వెనకనుంచి, అదే ఓపికతో, "ఈడ" అంది. నేను వెనక్కి తిరగలేదు.

ఖాజా పుట్టి ఒక చెట్టు మోడుకు తగులుకుని ఆగి ఉంది. వాడు రెండు చేతులతో మోడును కరుచుకుని ఉన్నాడు. నా పుట్టిలోకి లాగి రెండు పీకాను. తర్వాత గట్టిగా పట్టుకున్నాను. వణుకుతున్నాడు. నేను కాదు. సరే, నేనూ.

"ఒక పక్కనుంచి 'ఈడ' అని సావకుండా, అన్ని పక్కలనుంచి అంటావేందిరా?"

"నేను యాడంటిరా? నేను నోరే తెరవల్యా."

"అంత దూరం అరుస్తాంటే ఎందుకు పలకలేదు మరి?"

వాడు నీళ్ల వైపు చూస్తూ చాలా మెల్లగా చెప్పాడు. "నువ్వు అడిగినప్పుడల్లా ఎవరో చెప్తాన్నారు కదరా... నేను కూడా అంటే, నేను యాడుండానో దానికి తెలుస్తాదని..."

దూరంగా దిబ్బ మీద బావ ఫోన్ లైటు మినుకుమంటోంది. దిబ్బ దగ్గరికి వెళ్లి బావను ఎక్కించుకున్నాం. ఎక్కించుకోకూడదనే అనుకున్నాను, ఖాజా ఒప్పుకోలేదు.

"నువ్వేనా 'ఈడ' 'ఈడ' అనింది?"

"నేనెందుకంటాను? నేను 'ఇక్కడ' అంటాను కదా" అన్నాడు బావ. ఒళ్లు మండింది. కానీ నిజమే. ఆయన "ఈడ" అనడు.

ఒడ్డున ఓబులేసు మామ ఇంకా క్రికెట్టే చూస్తున్నాడు. వేరే ఎవరైనా వలకు పోయారా అని అడిగితే, నీళ్లు తగ్గాక ఎవరూ పోవడం లేదన్నాడు. జరిగింది చెప్పాను. అప్పుడు తల ఎత్తాడు.

"'ఈడ' అనే అనింది కదా? 'ఆడ' అనలేదు కదా?"

"లేదు మామా. ఏం? 'ఆడ' అంటే ఏమయితాది?"

"ఏం లేదప్పా. ఊరికే అడిగితి."

మళ్లీ ఫోన్లోకి తల దించేశాడు. ఎంత అడిగినా అంతే. ఈ మనిషి మీద కూడా నాకు కోపమే. ఊరికే ఎవడైనా అలా అడుగుతాడా?

నీటికుక్కలు అయ్యుంటాయి అన్నారు తర్వాత నలుగురూ. సరే, అవి "ఈ" అంటాయి, నేనే విన్నాను. మరి "డ" ఎవరు చేర్చారు?

పోయిన నెలలో నంద్యాలలో బావ వాళ్లింటి ముందు నిలబడి ఉన్నాం, నేనూ ఖాజా. బావ బండి తాళం పోయింది. జేబులన్నీ వెతుక్కుని, చెమటలు కారుతూ, విసుగుతో అరిచాడు. "ఈడనే పెడితి కదప్పా!"

నేను ఎగిరి ఆయన కాలర్ పట్టుకున్నాను. "అంటావ్! కోపమొస్తే అంటావ్! ఆ పొద్దు అనింది నువ్వే!" ఎంత సంతోషమో చెప్పలేను. బావ మీద కోపం నాకు అలవాటే. దానితో హాయిగా బతకగలను. రాత్రిళ్లు నిద్రపోగలను.

"మళ్లీ అను. మెల్లగా. 'ఈడ' అను."

తిడుతూనే అన్నాడు. "ఈడ."

ఖాజా కళ్లు మూసుకుని విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"అది కాదురా."

"ఇంకోసారి అను బావా."

"ఈడ."

"కాదు."

అప్పటినుంచి కలిసినప్పుడల్లా అనిపిస్తున్నాను. పెళ్లిళ్లలో, టీ కొట్టు దగ్గర, ఫోన్లో. ఆయనకు పిచ్చెక్కుతోంది. ఎక్కనీ. ఒక్కసారి బావా... ఒకే ఒక్కసారి ఆ గొంతుతో అను. నిన్ను చచ్చేదాకా తిట్టుకుంటాను. నీ కాళ్లకు మొక్కుతా... అను.