పడుగు అయ్యేదాకా ఆగిన అప్‌డేట్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఓ ఎండాకాలంలో, జిల్లా కార్యాలయంలో సిస్టమ్స్ ఆఫీసరుగా ఉన్న నాకు సోమందేపల్లెలోని ఒక పట్టు చేనేత సంఘం కంప్యూటర్ల బాధ్యత కూడా అప్పగించారు. కంప్యూటర్లు అని ఆర్డరులో రాశారు గానీ, అక్కడున్నది ఒక్కటే. చీర అంచుల డిజైన్లు గీసేదీ, ఆ డిజైన్ ప్రకారం పోగులెత్తే ఎలక్ట్రానిక్ జకార్డు మగ్గాన్ని నడిపేదీ, మెయిళ్లు చూసేదీ అదే. డిజైనర్ రామాంజి పన్నెండేళ్లుగా గీసినవన్నీ అందులోనే ఉండేవి. వానలు మొహం చాటేసిన ఆ ఊళ్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ డిజైన్ల మీదే.

బ్రౌజర్‌లోనో, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోనో లోపం బయటపడితే తయారుచేసినవాళ్లు సవరణ పంపుతారు. అది దానంతటదే దిగుతుంది గానీ, కంప్యూటర్ని ఒకసారి ఆపి మళ్లీ వేస్తేనే అమల్లోకి వస్తుంది. తనిఖీకి వెళ్లినప్పుడు సవరణ దిగిందని చూసి, రిజిస్టరులో సంతకం చేసి వచ్చాను. ఆపి మళ్లీ వేశారా అని అడగలేదు.

నెల తిరక్కుండానే రామాంజి ఫోన్ చేశాడు. చీరల ఆర్డరు పేరుతో మెయిల్లో వచ్చిన డాక్యుమెంటు తెరిచాడట. డిజైన్ ఫైళ్లన్నిటికీ తాళం పడింది, విప్పాలంటే సొమ్ము పంపమని తెర మీద నోటీసు. "నేనేమీ నొక్కలేదు మేడమ్, ఊరికే తెరిచినా, అంతే," అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఆ సవరణ మూయాల్సిన లోపానికి ఫైలు తెరవడమే చాలు.

వెళ్లగానే నెట్ వైరు పీకించి, ఇన్నాళ్లూ ఎందుకు ఆపి మళ్లీ వేయలేదని కేకలేశాను.

"చీర మగ్గం మీద ఉండంగా ఎట్ల ఆపేది మేడమ్? నడిమధ్యలో ఆపితే డిజైను తప్పుతాది. చీర కోసినాంక ఆపుదామనుకున్నా. కోసీ కోయకముందే అదే పడుగు మీద ఇంకో చీర మొదలుపెడ్తారు కదా!"

నాకు సిగ్గేసింది. తప్పులో సగం నా సంతకానిదే.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చున్న నాగమ్మ నోరు విప్పింది. పాత మగ్గాల కోసం రామాంజి డిజైన్లు చూసి జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టే మనిషి ఆమె. "ఏమప్పా రామాంజీ, యాల ఏడుస్తావు? నీ డిజైన్ల అట్టలు యాడికీ పోలేదు. అటక మీద ఉండాయి," అంది.

ఒక్కో అట్ట అంటే నేతలో ఒక్కో వరుస. నేను కంప్యూటర్లో ఉన్నదంతా చెరిపేసి మళ్లీ సిద్ధం చేశాను. నాగమ్మ అట్ట చూసి రంధ్రాలు చదివేది, రామాంజి తెర మీద గళ్లు నింపేవాడు. మొదటి హంసల అంచు పూర్తయిన మధ్యాహ్నం అతను పకపకా నవ్వాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. అట్టలు లేని కొన్ని కొత్త డిజైన్లు పోయాయి. మిగిలినవి మూడు వారాల్లో తిరిగొచ్చాయి. సొమ్ము పంపలేదు.

తర్వాత మెయిళ్లకు వేరే కంప్యూటర్ తెప్పించాను. మగ్గం కంప్యూటర్‌కు సవరణలు ఎప్పుడు వేయాలో నాగమ్మే చెప్పింది. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోతే కొత్త పడుగు పోగులను పాతవాటికి ఒక్కొక్కటిగా అతుకుతారు, ఆ రోజు మగ్గం ఎలాగూ నడవదు. అప్పట్నుంచి అతుకుల రోజే అప్‌డేట్ రోజు.

ఆఫీసుకొచ్చి తనిఖీ ఫారంలో మొదటి ప్రశ్న మార్చాను. 'సవరణ దిగిందా?' అన్నది కొట్టేసి, 'ఇక్కడ పని ఏ రోజు ఆగుతుంది?' అని రాశాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట నేను అంతకుముందు ఎవరినీ అడగలేదు.