రూతు కట్టిన రెండో చరణం

మా చిన్నప్పుడు ఆ పాట బర్మా వాళ్లదే అనుకునేవాళ్లం...

బర్మాలో చౌక్తడా పేటలో మా ఇల్లు రెండో అంతస్తు. కింద టీ కొట్టు. తెల్లారగానే కుంపటి రాజేసేవాళ్లు, ఆ వెంటనే కేసెట్టు మొదలయ్యేది. ఒక బర్మా కుర్రవాడు గిటారు మీటుతూ, పడవెక్కి వెళ్లిపోయిన పిల్ల గురించి మెల్లగా పాడేవాడు. నాన్న ఆ పాట వింటూనే గడ్డం గీసుకుని కోర్టు ఆఫీసుకి వెళ్లేవాడు. అమ్మ ఆ పాట వింటూనే చద్దన్నం కలిపేది. తెలుగు చదవడం సరిగా రాని పిల్లలం మా అందరికీ ఆ పాట మాత్రం కంఠతా వచ్చు.

మా మేనమామ తన్లిన్ రేవులో పని చేసేవాడు. ఒక ఆదివారం గుళ్లో ప్రార్థన అయ్యాక, ఓడ మనిషెవరో ఇచ్చాడని ఒక కేసెట్టు తెచ్చాడు. టేపు పెట్టెలో వేశాడు.

అదే పాట... కానీ ఇంగ్లీషులో. పాడేది అమెరికా నల్లాయనట. గిటారు లేదు. ఒక ఆర్గను, ఆ గొంతు. అంతే.

నాకు కోపం వచ్చింది.

"ఏటి మావా, ఈడు మన పాట ఎత్తుకుపోయినాడు?"

మామ టీ గుటక వేసి నవ్వాడు. "ఎత్తుకొచ్చింది మనోళ్లేరా. ఈడిదే అసలు."

నేను నమ్మలేదు. మామ కూతురు రూతు మాత్రం పెట్టె దగ్గరకి జరిగి కూర్చుంది.

"ఈయన గుళ్లో పాడినట్టే పాడతన్నాడు నాన్నా. మళ్లీ ఎయ్యి."

బేటరీలు అయిపోతాయే తల్లీ అంటూనే మామ సాయంత్రం దాకా వేశాడు.

ఆ రోజుల్లో ఇక్కడ అంతే... బయటి బాణీ ఏది బాగున్నా దానికి బర్మా మాటలు కట్టి పాడేసేవాళ్లు. కాపీ పాటలనే వాటికి పేరు. ఎవరూ సిగ్గుపడేవారు కాదు. కాలేజీకి వచ్చాక తెలిసింది, మామ చెప్పిందీ పూర్తి నిజం కాదని. ఆ నల్లాయనకన్నా ముందే ఒకావిడ పాడిందట. ఎవరూ పట్టించుకోలేదట. ఆయన పాడాకే లోకమంతా విన్నది. తర్వాత ఒకరు వయొలిన్లు పెట్టి, ఒకరు డాన్సు తాళంలో, ఒకరు ఏడుపు గొంతుతో... ఎవరికి వారు తమదే అన్నట్టు పాడారు.

రూతు తెలుగులో పాడింది.

తనకి తెలుగు మాట్లాడటమే గానీ రాయడం రాదు. రెండు చరణాల మాటలన్నీ తలలోనే కట్టింది. మొదటిది ఇలా ఎత్తుకునేది:

"రేవు దాటి పోయినా బావా...
వాకిట దీపం ఉంచుతా బావా..."

క్రిస్మస్ కూటంలో పాడతానంది. గుడి పెద్ద, మేమంతా తాత అనేవాళ్లం, విని నుదురు రుద్దుకున్నాడు.

"గుళ్లో బావా ఏటే? ప్రబువా అని పెట్టు."

"అది పొడుగైపోద్ది తాతా. బాణీలో ఇరకదు."

"ప్రబువు సర్దుకుంటాడులే. నువ్వు పాడు."

అందరూ నవ్వి నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ ఏడాది గుడి పాటల గుంపుకి రెండు చరణాలూ నోటితోనే నేర్పింది. అప్పట్నుంచి గుళ్లో ప్రభువా, ఇంట్లో బావా. మా పెళ్లయ్యాక కూడా అంతే. తాకేటా పేటలో మా ఇంట్లో చేపలు తోముతూ, పులుసు కలుపుతూ పాడేది. రెండో చరణం వచ్చేసరికి గొంతు తగ్గించేది... ఎందుకో అడగలేదు. రోజూ వినిపించేదాన్ని ఎవరు దాచుకుంటారు?

పోయిన వానాకాలం రూతు పోయింది. ఊపిరితిత్తులు. చివరి వారాల్లో మాటే లేదు, ఇక పాట ఎక్కడిది.

సమాధి చేసిన రోజు గుడివాళ్లు ఆ పాటే ఎత్తుకున్నారు. మొదటి చరణం సాగింది. రెండోదానికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాన కురుస్తూనే ఉంది. అప్పుడు పిల్లలు, పాపం, టీ కొట్లలో విన్న బర్మా మాటలతో పూర్తి చేశారు. వాళ్లనేమంటాను? నాకూ రాలేదు.

మా అమ్మాయిని అడిగాను. ఇక్కడి పిల్లల్లాగే అది నాన్నని బర్మా మాటలో ఫేఫే అంటుంది.

"బాణీ వచ్చు ఫేఫే. మాటలు నాకప్పుడే సగం తెలిసేవి కావు," అంది.

ఇప్పుడు కరెంటు ఉన్నంతసేపు ఫోను చార్జ్ చేసుకుని ఆ పాట వెతుకుతాను. ఎన్ని గొంతుల్లో ఉందో... ఎవరో పిల్ల మంచం మీద కూర్చుని పాడుతుంది. ఎవరిదో పెళ్లిలో బ్యాండు వాయిస్తుంది. అందరితో పాటు రెండో చరణం దాకా వెళ్తాను, ఆమె మాటలు వాటంతట అవే నోటికి వస్తాయేమోనని. ఇంగ్లీషు వస్తుంది. బర్మా వస్తుంది. ఆమెది రాదు.

అందులో వాన అనే మాట ఉంది. నా దగ్గర మిగిలింది అదొక్కటే.

ఇప్పుడు టీ తాగినా, అన్నం తిన్నా అందరూ ఫోనులో ఎక్కించుకుంటున్నారు. అప్పుడు ఒక మనిషి పాట ఆ మనిషి నోట్లోనే ఉండేది...

ఆనాటి మా గుడి పాటల గుంపులో కొందరు పోయారు. కొందరు ఏ దేశంలో ఉన్నారో తెలియదు. ఇది వాళ్లదాకా చేరదని నాకు తెలుసు. అయినా, రెండో చరణం ఎవరికైనా గుర్తుంటే కింద కామెంట్లలో రాయండి. ఒక లైనైనా చాలు.

ప్రభువా అని ఉన్నా పర్లేదు... నేను మార్చుకుంటాను.