చుక్క పెట్టని మాట

మా అమ్మ నూలు మిల్లులో రీలింగు పని చేసేది. పీలమేడులో మిల్లు వెనక లైను ఇళ్లలో ఉండేవాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. తెలుగు అక్షరం ముక్క ఎవరికీ రాదు కనుక మా చర్చి గుడిలో పాడే తెలుగు పాటలను అరవ అక్షరాల్లోనే రాసుకునేవాళ్లం. అరవంలో పకూ బకూ ఒకటే అక్షరం, ట్టకూ డ్డకూ ఒకటే. బ అనో డ్డ అనో లావుగా పలకాల్సిన చోట అడుగున చుక్క పెట్టమని అమ్మ నాకు నేర్పింది. ఆ చుక్కల పని నాదే. దానికి నాకు కొంచెం పొగరు కూడా.

మదురైలో పిన్ని చనిపోయాక ఆమె కూతురిని అమ్మ మా ఇంటికి తెచ్చుకుంది. నాకంటే రెండేళ్లు చిన్నది. తెలుగు అంతంతమాత్రం, గొంతు మాత్రం తేనె. నెల తిరక్కుండా అమ్మ పక్కన నా చోటు దానిదైంది. ఆదివారాలు మొదట దానికే తల దువ్వేది. తల్లి లేని పిల్ల అని అందరూ జాలిపడేవారు. తల్లి ఉండీ నాకు లేకుండా పోతోందని ఒక్కరికీ తోచలేదు.

ఏటా కోతల పండుగకు అమ్మ ఒక్కతే నిలబడి ఒక పాట పాడేది. తప్పిపోయినవాళ్ల కోసం దేవుడు తలుపు తీసి పెట్టుకుని పిలిచే పాట. "బిడ్డా, ఇంటికి రా" అని పల్లవి. అమ్మ తర్వాత అది నాకే అని కాచుకుని ఉన్నాను. ఆ ఏడు అమ్మ దాన్ని చెల్లెలికి ఇచ్చి, రాసి నేర్పమని నాకు చెప్పింది. అమ్మకు ఆ వారం రెండో షిఫ్టు.

రాసిచ్చాను. అన్నిచోట్లా చుక్కలు పెట్టాను, బిడ్డ కింద తప్ప. మా ఇళ్లలో పాప అంటామే గాని బిడ్డ అనం. చెల్లెలు దాన్ని పిట్ట అని చదివింది. నేను దిద్దలేదు.

పండుగనాడు అది కళ్లు మూసుకుని "పిట్టా, ఇంటికి రా" అని ఎత్తుకుంది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆడవాళ్ల వరసలోంచి అమ్మ లేచి, పాట మొదటి నుంచీ అదే అన్నట్టు, "పిట్టా, ఇంటికి రా" అని గొంతు కలిపింది. రెండో చరణానికి గుడంతా పిట్టనే పిలిచింది. నేనూ నోరు కదపాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ కాగితం చూసింది.

"చుక్క మర్చిపోతివా, వేణుమ్‌నే వదిలితివా?"

కావాలనే వదిలానని ఒప్పుకునే ధైర్యం నాకు లేదు. మర్చిపోయానన్నాను. అమ్మ మళ్లీ అడగలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

ఆ రోజు నుంచి అమ్మ నోట చెల్లెలి పేరు పిట్ట. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను ఓర్వలేక పెట్టిన పేరుతో అమ్మ దాన్ని ముద్దు చేస్తుంటే రోజూ విన్నాను.

పెళ్లయి అది మదురై వెళ్లిపోయింది. అమ్మకు చూపు పోయాక గంజి తాగించేది నేనే. ఒక పొద్దున నా అడుగుల చప్పుడు విని అమ్మ అడిగింది.

"పిట్టా, వస్తివా?"

పిట్ట కాదు, నేనని చెప్పొచ్చు.

"వస్తినమ్మా" అన్నాను.

అమ్మ చేయి చాపి నా తల నిమిరింది. ఆ చేయి తీసేదాకా నేను మళ్లీ నోరు విప్పలేదు.