తప్పిన పూట

నిన్న చెప్పుల అంగట్లో ఎవరి బిడ్డో చెప్పుకున్న వెల్క్రో పట్టీని చర్రుమని పీకింది. ఆ చప్పుడు వినగానే నా చేతులు వాటంతటవే కుచ్చిళ్లు సర్దుకున్నాయి, కింద కూర్చోవడానికి. మా మల్లి చిన్నప్పుడు కాళ్లు వంకరపోకుండా కట్టిన బద్దల పట్టీలు విప్పితే అచ్చం అదే చప్పుడు. పట్టీలు విప్పానంటే కాళ్లు సాగదీస్తానని దానికి తెలుసు. ముందుగానే ఏడుపు ఎత్తుకునేది. ఆ ఏడుపు మధ్య నన్ను నిలబెట్టిన మనిషి షమీమ్ మేడం.

పుట్టగానే ఏడవలేదు మల్లి. నెలలు నిండేకొద్దీ కాళ్లు బిగుసుకుపోయాయి. సెరిబ్రల్ పాల్సీ అన్నారు డాక్టర్లు. ఆత్మకూరులో ఒక బడిగదిలో ఇట్లాంటి పిల్లలకు వారానికొకసారి ఫిజియోథెరపీ ఉండేది. షమీమ్ మేడం చాప మీద కూర్చుని, నా అరచేతిని మల్లి మడమ కింద పెట్టించి, దాని మీద తన చెయ్యి పెట్టేది. "గుంజొద్దమ్మా. కాలు ఒప్పుకునేదాకా పట్టుకోని కాచుకోవల్ల. నేను వారానికొకతూరి చేసేది మందు కాదు, నువ్వు ఇంట్లో దినామూ చేసేదే మందు," అనేది. బడి మెట్టెక్కని నాకు మా నాయన ఇట్లాగే చెయ్యి పట్టి ఇంట్లో అక్షరాలు దిద్దించాడు. అందుకేనేమో ఆమె మీద మొదటిరోజే గురి కుదిరింది.

ఆ ఏడు మిరపకాయల కోతలప్పుడు మా అత్త జారిపడి తుంటి విరిగింది. మా ఆయన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. అత్తకు ఒళ్లు తుడవడం, వంట, కళ్లంలో కాయలు ఆరబోయడం అయ్యేసరికి నా నడుము నా మాట వినేది కాదు. ఒక పూట తప్పింది, తర్వాత ఒక రోజు, తర్వాత తప్పుతోందన్న ధ్యాసే పోయింది. "దేవుడు బిగించినవి నువ్వు సాగదీస్తే సాగుతాయా? రోంతసేపు నడుం వాల్చుకోపో," అనేది అత్త మంచంలోంచి. ఆమెదీ జాలే. బడిగదికి పోతే "చేస్తాండావా?" అని మేడం అడుగుతుంది. ఆ ఒక్క మాటకు భయపడి పోవడమే మానేశాను. మల్లి మడమ నేలకు ఆనడం మానేసింది. అది పూర్తిగా బిగుసుకుపోతే ఆ పిల్ల జీవితమంతా ఒకరు ఎత్తితేనే లేవాలి. తెలుసు. తెలిసీ కదల్లేకపోయాను.

ఒక సాయంత్రం మేడమే బస్సు దిగి మా ఇంటికొచ్చింది. అడగకముందే చెప్పేశాను, "చేయలేదు మేడం, శానా దినాలయింది" అని. ఆమె చెప్పులు విడిచి లోపలికొచ్చింది. బస్సు ఆలస్యమై మధ్యాహ్నం నమాజు తప్పిందనీ, ముందు అది చేసుకుంటాననీ, ఉతికిన చీర ఒకటి పరవమనీ అడిగింది. పడమర ఎటో చూపించాను. ఆమె నమాజు ముగించి లేచాక ఉండబట్టలేకపోయాను.

"పొద్దు దాటిపోయింది గదా మేడం, ఇప్పుడు చేస్తే చెల్లుతుందా?"

"ఖజా అంటాం మేము. తప్పిన పూటది తర్వాత చేసుకునేది. తప్పిందని సిగ్గుపడి దేవునికే మొహం చాటేస్తే ఎట్ల?"

నేను మల్లి వైపు చూశాను. "కాళ్లకు గూడా ఖజా ఉండాదా మేడం?"

ఆమె పగలబడి నవ్వింది. "తప్పినవన్నీ ఒక్కపారే తీర్చబోతే నీ బిడ్డ నన్ను కొరుకుతుంది. ఈపొద్దుటిది చెయ్యి, చాలు. రా, కూచో."

మల్లి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. "ఏమ్మా, పిల్లను సంపుతాండావా?" అని అత్త అరిస్తే, "ఉండు అవ్వా, దీని తర్వాత నీ తుంటి పని పడతా," అంది మేడం. అత్త దుప్పటి ముసుగేసుకుంది.

మల్లికి నడక రాలేదు. ఇక రాదు. కానీ కిటికీ ఊచలు పట్టుకుని, మడమలు నేలకానించి, నేను బట్టలు మార్చేదాకా నిలబడుతుంది. బయటివాళ్లకు అదేమంత కనిపించదు. దాని బరువు మోసే నాకు తెలుసు, అదెంత పెద్ద వరమో. మేడం తర్వాత కడపకు బదిలీ అయింది. అక్కడే జబ్బుచేసి పోయిందని మాకు ఆలస్యంగా తెలిసింది. మల్లన్నకు దీపం పెట్టేటప్పుడు ఆమె పేరూ తలుచుకుంటాను.

ఇప్పుడు మల్లి నా అంత అయింది. నా మోకాళ్లు అరిగాయి. తప్పే పూటలు ఇప్పటికీ ఉన్నాయి. మొన్న జ్వరంతో లేవనేలేదు. ఈ సాయంత్రం దాని ముందు కూలబడితే, నా మొహం చూసి, మాటలు ఒక్కొక్కటే కూడదీసుకుంది.

"రేపు... అన్నీ కలిపి... చేద్దువులేమా."

"రేపటిది రేపు. కాలు ఇట్లియ్యి," అన్నాను.

మూతి తిప్పుతూనే చాపింది.